గేటు పక్క బల్ల

సోమవారం

బావకి కుడికన్ను కనపడటం లేదు.

ఎవరికీ చెప్పనని అక్క మీద ఒట్టేశాను. చెప్పననే ఒట్టేశాను, రాయనని కాదు. ఈ పుస్తకం నా పరుపు కింద ఉంటుంది, పరుపు మీద నేనుంటాను. కాబట్టి మాట తప్పినట్టు కాదు.

మొదలైంది ఎండాకాలంలో. ఇనుప యార్డులో క్రేన్ నడిపేది బావ. కింద నిలబడి ఎత్తు, దించు, ఆపు అని చేత్తో చూపించేది నేను. "బామ్మర్దీ, పొద్దుటి ఎండ సూటిగా క్యాబిన్లోకి కొడుతోందిరా, నీ చెయ్యి కనపడట్లేదు. చేత్తోపాటు ఓ ఈల కూడా వెయ్యి" అన్నాడు. వేశాను. సాగదీసి ఒకటి వేస్తే మెల్లగా దించమని. పొట్టిది ఒకటైతే ఆపమని, రెండైతే ఎత్తమని. యార్డు రూలు ప్రకారం ఈల అంటే ప్రమాదం, అందరూ తప్పుకోవాలి. అయినా నా ఈలలు ఎవరూ పట్టించుకోలేదు. "కరపత్రానికి నోరు ఊరుకోదు, మాటలైపోతే ఈలలు" అని నవ్వుకున్నారు. కరపత్రం అంటే నేనే. నా జేబులో ఎప్పుడూ ఒకటుంటుంది.

ఎండాకాలం పోయి మబ్బులొచ్చాయి. ఈలలు ఆగలేదు. మబ్బులో ఎండ ఎక్కణ్ణుంచి కొడుతోంది బావా అని నేను అడగలేదు.

ఇవాళ టీ గ్లాసు అందించాను. బావ చెయ్యి గ్లాసుకి బెత్తెడు ఇవతలే మూసుకుని గాలిని పట్టుకుంది. ఇద్దరం ఆ చేతి వంకే చూశాం. అప్పుడు చెప్పాడు. షుగరు. కన్ను వెనకాల రక్తం చిమ్మిందట. అక్కకి ముందే తెలుసు. "ఒక కన్నుతో చదవొచ్చు, నడవొచ్చు, మీ అక్కని చూసి భయపడొచ్చు. కొక్కేనికి వేలాడే బరువు ఎంత కిందికుందో మాత్రం తెలియట్లేదురా" అన్నాడు.

నన్ను నమ్మాడు. ఇంతకాలం నా ఈల మీద నడిపాడు. నాకు గర్వంగా ఉంది.

మంగళవారం

పెట్టె అంతా గాలించి జబ్బుపడ్డ కార్మికుల చట్టం మీద వేసిన కరపత్రం దొరకబుచ్చుకున్నాను. ఇదిగో:

"ఆరోగ్యం పాడై తన పని చేయలేనని చెప్పుకున్నందుకు ఏ కార్మికుణ్ణీ తీసేయకూడదు. అతను చేయగల వేరే పని ఏదో అతనితోనే కూర్చుని మాట్లాడి, యాజమాన్యం చూపించి తీరాలి."

"తీసేయకూడదు", "చూపించి తీరాలి" కింద ఎర్ర గీతలు గీసి బావకి చదివి వినిపించాను. ఆ "తీరాలి" దగ్గర నా గొంతు గది దాటి వీధిలోకి వెళ్ళినట్టుంది, అక్క కిటికీ మూసింది.

బావ నవ్వాడు. "వేరే పని ఎందుకు చూపించర్రా? గేటు పక్కనే ఉందిగా."

బల్ల గురించి ఆ మాట.

గేటు పక్క గోడకి ఆనించి ఉంటుంది. దానికో కాలు పొట్టి. పోయినేడు వెల్డరు పెద్దాయనకి నడుం పడిపోయింది. వంగకూడదని డాక్టరు రాశాడు. తీసేయలేదు, తేలిక పని ఇచ్చారు. ఆ పని ఏమిటంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ బల్ల మీద కూర్చోవడం. లేవకూడదు. పేపరు చదవకూడదు. ఎవరూ పలకరించకూడదు. జీతం మాత్రం అదే జీతం, చట్టం ఎక్కడా తప్పలేదు. వచ్చేపోయేవాళ్ళంతా మొదట్లో ఆయన్ని చూశారు. తర్వాత చూడకుండా వెళ్ళడం నేర్చుకున్నారు. ఒకరోజు ఆయనే లేచి వెళ్ళిపోయాడు. బల్ల ఉండిపోయింది.

"దీని మీద పోరాడాలి బావా!" అన్నాను.

"పోరాడు. కూర్చునేది నేను కదా."

బుధవారం

ఇనుప కట్టలన్నీ పువ్వుల్లా దిగాయి. ఎవరికీ ప్రమాదం లేదు.

గురువారం

మాట తప్పలేదు. ముందు ఇది రాయాలి. బావ ఊసు ఎత్తలేదు.

మా సూపర్‌వైజరుని అందరూ సరేసరే అంటారు. ఏమడిగినా సరే సరే అంటాడు, ఏదీ చెయ్యడు. ఆయనతో పని కాదని నేరుగా మేనేజరమ్మ గదికి వెళ్ళాను.

"ఒక కార్మికుడికి ఆరోగ్యం అడ్డొచ్చి తన పని చెయ్యలేకపోతే మన సంస్థ విధానం ఏమిటి?" అన్నాను. అద్దం ముందు అభ్యాసం చేసిన వాక్యం.

"ఎవరికి బాబూ?"

"ఎవరికీ కాదు. సూత్రప్రాయంగా అడుగుతున్నాను."

"ఓహో. సూత్రానికి ఏం జబ్బు?"

"అది చెప్పను."

"జబ్బేమిటో చెప్పవు, మనిషెవరో చెప్పవు. మరి ఏ పని ఇవ్వను?" అని ఆమె కిటికీ వైపు చూసింది. "తేలిక పని ఒకటి ఖాళీగానే ఉంది. నీ సూత్రాన్ని రేపు పంపించు, కూర్చోబెడదాం."

ఆ కిటికీలోంచి కనపడేది బల్లే.

అగ్గి మీద గుగ్గిలమయ్యాను. "అది పనా? మనిషిని ఎండలో ఆరేసే దండెం!" అని టేబులు మీద గుద్దాను. టీ గ్లాసు ఎగిరి కాగితాల మీద పడింది. ఇంకో మాట కూడా అన్నాను, అది ఇక్కడ కూడా రాయను. తలుపు దగ్గరున్న సరేసరే జన్మలో మొదటిసారి సరే అనకుండా "అయ్యో" అన్నాడు.

వారం సస్పెన్షన్. గేటు లోపల అడుగు పెట్టకూడదు.

ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాను. అక్క కుట్టుమిషను మీద ఉంది. జరిగిందంతా నిలబడి చెప్పాను, టేబులు గుద్దిన చోట గోడ గుద్ది చూపించాను. అక్క మిషను ఆపి ఒక్కటే అడిగింది.

"రేపు కింద నిలబడేదెవర్రా?"

అదే రోజు, బావ వచ్చాక

నా చోట రేపట్నుంచి మోతపని చేసే పొడుగోడు నిలబడతాడట.

"సెలవు పెట్టు బావా."

"జబ్బు, జబ్బు అని నువ్వు అరిచిన మర్నాడే నేను సెలవు పెడితే, రెండూ రెండూ కలిపితే ఎంతో వాళ్ళకి తెలియదా?"

"అయితే చెప్పేద్దాం."

"మళ్ళీ చెప్పేద్దాం! ఎవరి సంగతి, ఎవరి నోటితో?" బావ కోపంగా మాట్లాడితే గొంతు తగ్గుతుంది. వినడానికి ముందుకి వంగాల్సొచ్చింది. "నీకేం కావాలి బావా అని నన్ను ఒక్కసారి అడిగావురా?"

అడగక్కర్లేదు, న్యాయం అందరికీ ఒక్కటే అన్నాను. మంచి వాక్యమే. బావ చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అక్క మాత్రం పళ్ళేలు తీస్తూ, "కందకు లేని దురద కత్తిపీటకెందుకురా" అంది.

కందకి దురద లేదని ఎవరన్నారు? ఉంది, బయటికి చెప్పట్లేదు. అదే కదా సమస్య. రేపు ఎవరికైనా ఏదైనా అయితే బాధ్యత యాజమాన్యానిది. ముమ్మాటికీ యాజమాన్యానిదే.

శుక్రవారం

పొడుగోణ్ణి టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను.

"నీకు ఈల వెయ్యడం వచ్చా?"

"ముందు పళ్ళు లేనోణ్ణి పట్టుకుని ఈలేంటి కరపత్రం?"

కొనుక్కెళ్ళిన ప్లాస్టిక్ ఈల తీసిచ్చాను. "ఊదు. మా బావకి ఈల అలవాటు."

"మీ బావేమన్నా పామా, ఊదితే ఆడటానికి?" చుట్టూ ఉన్నవాళ్ళు టీ ఉమ్మేసుకునేలా నవ్వారు. "ఊదితే అందరూ పారిపోవాలి, రూలు. నువ్వంటే పిచ్చోడివని వదిలేశారు. నేను ఊదితే సరేసరే నన్ను ఊదేస్తాడు."

ఆ క్షణంలో నిజం చెప్పెయ్యొచ్చు. ఒట్టు గుర్తొచ్చింది. నిన్న టేబులు గుద్దేటప్పుడు రాలేదు, ఇవాళ వచ్చింది.

సాయంత్రం దాకా వీధి చివరే నిలబడ్డాను. బావ నడిచొచ్చాడు, రెండు చేతులూ రెండు కాళ్ళతో. "ఇవాళ రేకులే. నేల మీద పెట్టడం. నేల ఎక్కడికి పోతుంది?" అన్నాడు. చొక్కా వీపంతా తడిసి ఉంది.

రేపు పైపులు. లారీకి ఎక్కించాలి.

ఎవరికీ ప్రమాదం లేదు.

ఈ వాక్యం మొన్న కూడా రాశాను. చేతిరాత నాదే, సందేహం లేదు.

శనివారం

రెండుసార్లు రాసి కొట్టేశాను. ఇది మూడోసారి.

పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్ళాను. కాపలా బాబాయి ఊచల అవతల నిలబడి, "లోపలికి రానివ్వను. రోడ్డు మాత్రం నాది కాదు, నిలబడు" అన్నాడు. ఊచల్లోంచి యార్డంతా కనపడుతుంది.

లారీ మీద డ్రైవరన్న ఉన్నాడు, పైపుల కింద చెక్క దిమ్మలు సర్దుతూ. మొదటి కట్ట వచ్చింది. పొడుగోడు చెయ్యి ఊపుతున్నాడు. మెల్లగా దించాల్సిన చోట కట్ట ధన్‌మని పడింది. లారీ ఎగిరింది. డ్రైవరన్న పక్కకి దూకి బూతు తిట్టాడు. చాలామంది నవ్వారు.

రెండో కట్ట లేచింది. లారీ మీదికొచ్చింది. డ్రైవరన్న మూలకి జరిగాడు, వెనక లారీ క్యాబిను, ముందు కట్ట. పొడుగోడు దించమని చూపిస్తున్నాడు. కట్ట దిగలేదు, ఆగిపోయింది. ఆగి, ఒక్క పక్కకి ఊగడం మొదలుపెట్టింది.

"దించు! దించవయ్యా!" సరేసరే అరిచాడు.

బావ కదల్లేదు. తర్వాత ఎవరూ అరవలేదు. కోత మిషన్లవాళ్ళు కూడా ఆపేసి పైకి చూశారు. గొలుసు కిర్రుమంటున్న చప్పుడు గేటు దాకా వినపడింది.

క్యాబిన్ కిటికీలో బావ ముఖం కనపడింది. పొడుగోణ్ణి చూడట్లేదు. తల పక్కకి వాల్చి చెవి ఇటు పెట్టాడు.

ఈల వేస్తే అందరికీ తెలిసిపోతుంది. బావ క్రేన్ ఇవాళ్టితో సరి, రేపట్నుంచి బల్ల. ఇదంతా ఆలోచించానని రాయాలనుంది. ఏమీ ఆలోచించలేదు. వేళ్ళు నోట్లోకి వెళ్ళిపోయాయి.

రెండు పొట్టివి.

కట్ట లేచింది. మనిషెత్తు, ఇంకా పైకి. ఊగడం తగ్గింది. "డ్రైవరన్నా దిగిపో!" అని అరిచాను. అతను దూకేశాడు. అప్పుడు సాగదీసి ఒకటి, ఊపిరున్నంతసేపు. పొట్టిది. మళ్ళీ సాగదీసి. కట్ట దిమ్మల మీద కూర్చుంది, చప్పుడు లేకుండా.

యార్డులో అందరూ గేటు వైపు తిరిగారు. ఇంతమంది ఒకేసారి నా వంక చూడాలని ఎన్ని ఉపన్యాసాలు అద్దం ముందు చెప్పుకున్నానో. తల ఎత్తలేకపోయాను.

ముందుగా గేటు దగ్గరికి వచ్చింది డ్రైవరన్న.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఎండాకాలం నుంచి."

"కనపడదా ఆయనకి?"

"ఒక కన్ను."

తిడతాడనుకున్నాను. ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. "నా తల మీద పెట్టి ఆడుకున్నార్రా మీ ఇద్దరూ. నీ కరపత్రాల్లో కార్మికుడంటే మీ బావ ఒక్కడేనా? నేనెవర్ని?"

బావ ఇనుప మెట్లు దిగాడు, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ. ఇన్నాళ్ళూ అలాగే దిగేవాడేమో, నేను చూడలేదు. దిగి, తిన్నగా డ్రైవరన్న దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. అతను ముఖం తిప్పుకున్నాడు. తర్వాత బావ నా వైపు తిరిగి, "బాగా వేశావు. అడక్కుండా వేశావు, ఈ ఒక్కసారికి సరే" అన్నాడు.

ఆదివారం

బాధ్యత యాజమాన్యానిది. కొంత.

సోమవారం

అక్క బావని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నేనూ వస్తానంటే, "నువ్వొస్తే డాక్టరు టేబులు కూడా విరుగుతుంది" అంది. కంట్లోకి సూదులు వేస్తారట. చూపు ఎంత తిరిగొస్తుందో చెప్పలేమన్నారట. ఎత్తు మీద పని వద్దు, క్రేన్ వద్దు. కింద నిలబడి, దగ్గరగా పెట్టుకుని చేసే పని ఏదైనా చెయ్యొచ్చు. ఇవన్నీ కాగితం మీద రాసిచ్చాడు.

బావ మంచం మీద పడుకుని ఉన్నాడు, కంటి మీద తడిగుడ్డ. పక్కన కూర్చున్నాను. నోరు తిరగడానికి చాలాసేపు పట్టింది.

"నీకేం కావాలి బావా?"

గుడ్డ కింద నవ్వాడు.

"గొలుసుల గది."

యార్డు వెనక ఉంటుంది. కట్టలు ఎత్తే గొలుసులన్నీ అక్కడ కుప్ప. చూసుకునే మనిషి మానేశాక ఎవర్నీ పెట్టలేదు, ఎవడికి దొరికింది వాడు లాక్కుపోతున్నాడు. "ఏ గొలుసు అరిగిందో, ఏది సాగిందో చూసే నాథుడు లేడు. పైన కూర్చుని రోజూ ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకునే ఎత్తాను. గొలుసు చేతిలోకి తీసుకుని అందులో ఒక్కో కడియం చూడ్డానికి ఒక కన్ను చాలు. వేళ్ళు బాగానే ఉన్నాయిగా."

నాకీ గది ఎన్నడూ తట్టలేదు. నేను అడిగింది "వేరే పని". అంతే. ఏ పని అని నా బుర్రకి రాలేదు.

బుధవారం

విచారణ. నన్ను కూడా పిలిచారు కాబట్టి గేటు తెరిచారు. దారిలో బావ, "నేను చెప్పేదాకా నోరు తెరవకు" అన్నాడు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను, నిజంగానే.

మేనేజరమ్మ అరవలేదు. "ఇద్దరూ కలిసి దాచారు. మిమ్మల్ని తీసెయ్యడానికి జబ్బుదాకా పోనక్కర్లేదు, ఇదొక్కటి చాలు" అంది. నిజమే. కరపత్రంలో దీనికి జవాబు లేదు, రాత్రి మూడుసార్లు చదివాను.

"దాచడం తప్పేనమ్మా" అన్నాడు బావ. "చెప్పుకుంటే ఏమవుతుందో మాకు నేర్పింది మాత్రం మీ బల్ల."

ఆమె కిటికీ వైపు చూడబోయి ఆగింది. "తేలిక పని ఇస్తామంటున్నాం కదా."

"తేలిక వద్దు. పని ఇవ్వండి."

డాక్టరు కాగితం టేబులు మీద పెట్టి గొలుసుల గది సంగతి చెప్పాడు. ఆ గొంతే, ఇంట్లో మంచం మీద చెప్పిన గొంతే. తర్వాత నా మోచెయ్యి పొడిచాడు. "ఇప్పుడు చదువు."

చదివాను. మెల్లగా. "అతను చేయగల వేరే పని ఏదో అతనితోనే కూర్చుని మాట్లాడి" అన్న చోట ఆగాను. ఆ మాటల కింద నేను గీత గియ్యలేదు.

సాక్ష్యానికి పిలిచిన డ్రైవరన్న గోడకి ఆనుకుని ఉన్నాడు. వీళ్ళనేం చెయ్యమంటావయ్యా అని మేనేజరమ్మ అతన్ని అడిగింది.

"వీళ్ళిద్దర్నీ నేనింకా క్షమించలేదు. అది వేరే సంగతి" అన్నాడు. "నా లారీ మీదికొచ్చే గొలుసు ఒక మనిషి చూసి పంపుతానంటే వద్దంటానా?"

గొలుసుల గదికి పైవాళ్ళు ఒప్పుకుంటూ కాగితం పంపాలట. వచ్చేదాకా బావ బల్ల మీద కూర్చోవాలి. నన్ను సిగ్నలు నుంచి తీసి మోతపనికి వేశారు. ఆఖరి హెచ్చరిక. యార్డులో నేను ఈల వేస్తే అదే ఆఖరి రోజు.

శుక్రవారం

నా సస్పెన్షన్ అయిపోయింది. గేటు దాటగానే బావ. బల్ల మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని. బల్ల ఊగుతోంది, ఊగకుండా కాలు అదిమిపెట్టి కూర్చున్నాడు. పలకరించకూడదని రూలు.

పక్కనుంచి వెళ్తూ పెదవి కదపకుండా అడిగాను.

"అరవనా బావా?"

"వద్దు. రేపు అడుగు."

శనివారం

అడిగాను. "వద్దు."

పొడుగోడు వెళ్తూ వెళ్తూ, "ఏమయ్యా పామూ, బాగున్నావా?" అని గట్టిగా పలకరించాడు. సరేసరే చూశాడు. సరే అనలేదు, కాదనలేదు.

సోమవారం

అడిగాను. "ఇవాళ నోటితో అడుగు, చేత్తో కాదు" అన్నాడు.

వెళ్ళి సరేసరేని అడిగాను, కాగితం ఎప్పుడొస్తుందని. సరే సరే అన్నాడు. కదలకుండా అక్కడే నిలబడ్డాను. మళ్ళీ అడిగాను, అదే గొంతుతో. నా జీవితంలో అంత కష్టమైన పని చెయ్యలేదు, మోతపని దీని ముందు దూదిపింజ. కాసేపటికి ఆయన తలగోక్కుని లేచి ఆఫీసులోకి వెళ్ళాడు.

మంగళవారం

కాగితం వచ్చింది. అదే జీతం. మళ్ళీ కన్ను పరీక్ష అయ్యేదాకా, ఆ తర్వాత మళ్ళీ మాట్లాడతారట. అది ఎప్పటిదాకానో ఎవరికీ తెలియదు. అక్క ఆ కాగితం చదివి మడిచి మళ్ళీ చదివింది.

బావ గొలుసుల గది తలుపు తీసి చూసి వెనక్కొచ్చాడు. "లోపల కూర్చోవడానికి ఏమీ లేదమ్మా. ఆ బల్ల తీసుకుపోనా?" అని మేనేజరమ్మని అడిగాడు.

తన గది గుమ్మంలో నిలబడ్డ ఆమె బల్ల వైపు చూసింది. అడిగినవాడి ముఖం చూసింది. "తీసుకుపో" అంది.

నేనొక పక్క, పొడుగోడొక పక్క పట్టుకుని యార్డంతా దాటించాం. ఎంత బరువో! "ఎవరూ కదల్చకుండా ఇన్నాళ్ళూ ఉంది కదా, వేళ్ళూనుకునుంటుంది" అన్నాడు పొడుగోడు. లోపల దించితే యథాప్రకారం ఊగింది. బావ కుప్పలోంచి సాగిపోయిన కడియం ఒకటి ఏరి పొట్టికాలి కింద తోశాడు.

సాయంత్రం డ్రైవరన్న వచ్చాడు. మమ్మల్ని పలకరించలేదు. రేపటి లోడుకి పక్కన పెట్టిన గొలుసు చేతిలోకి తీసుకుని, "ఇది చూశావా?" అన్నాడు బావతో.

"చూశాను. నువ్వు కూడా చూడు."

అతను బల్ల మీద ఆ చివర కూర్చుని మొదటి కడియం నుంచి తడమడం మొదలుపెట్టాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. లోపలికి రమ్మంటారేమోనని చూశాను. ఆఖరికి నేనే అడిగాను.

"రానా?"

డ్రైవరన్న తలెత్తకుండా కొంచెం జరిగాడు.